ఆటోనగర్‌లో తయారీ తేదీ చూపించి అమ్మే బ్యాటరీ షాపు

మా మేనల్లుడు గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు. మొన్న ఏప్రిల్‌లో తన స్విఫ్ట్ పెట్రోలు కారుకు కొత్త బ్యాటరీ వేయించాడు. 35 ఆంపియర్ అవర్ (ఎంత కరెంటు నిల్వ ఉంచుతుందో చెప్పే కొలత) బ్యాటరీ. పాతది ఇచ్చేయగా 4,600 రూపాయలు పడింది. సరిగ్గా 26వ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు నాకు ఫోన్. "మావయ్యా, సెల్ఫ్ తీసుకోవట్లేదు. టకటకమంటోంది, లైట్లు డిమ్ అయిపోతున్నాయి" అన్నాడు. ఆ రోజు ఆరున్నరకల్లా మా అక్కను విజయవాడలో కంటి ఆపరేషన్‌కు తీసుకురావాలి. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి. ముందురోజు నుంచీ కంట్లో చుక్కలు వేసుకుని, తెల్లవారుజామునే స్నానం చేసి, చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. చివరికి పక్కింటివాళ్లను నిద్రలేపి వాళ్ల కారులో బయల్దేరారు. ఆ గంటన్నర నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

నేను ఆర్టీసీలో ఎలక్ట్రీషియన్‌గా 31 ఏళ్లు పనిచేశాను. అందులో చివరి 14 ఏళ్లు డిపో బ్యాటరీ సెక్షన్‌లోనే. నన్ను ఒక్క మాట అడగకుండా కొన్నాడే అన్న బాధ ఒకటి, కొత్తదని చెప్పి పాత సరుకు అంటగట్టారేమోనన్న అనుమానం ఒకటి. ఆపరేషన్ బాగా జరిగింది. అక్కను ఇంటికి పంపిన రెండో రోజు వోల్టేజీ చూసే మల్టీమీటరు, యాసిడ్ గాఢత చూసే హైడ్రోమీటరు సంచీలో వేసుకుని గుంటూరు బస్సెక్కాను.

కారును రాత్రంతా కదపొద్దని, డోరు కూడా తీయొద్దని ముందే చెప్పాను. డోరు తీస్తే లోపల లైటు వెలుగుతుంది, రీడింగు మారిపోతుంది. బానెట్ ఒక్కటే ఎత్తి మీటరు పెడితే 12.14 వోల్టులు చూపించింది. అది నీళ్లు పోసుకునే మూతలున్న రకం. ఆరు మూతలూ తీసి ఒక్కో గదిలోనూ, అంటే సెల్లులోనూ, హైడ్రోమీటరు ముంచి రబ్బరు బుడ్డి మెల్లగా వదిలాను. యాసిడ్ గాజు గొట్టంలోకి ఎక్కి, లోపలి తేలుడు గొట్టం కొంచెం ఊగి నిలబడింది. 1190, అంటే నీళ్లతో పోలిస్తే 1.19 రెట్ల బరువు. రెండోది 1190. మూడోది 1195. నాలుగు, అయిదు కూడా ఆ చుట్టుపక్కలే. ఆరో సెల్లులో మాత్రం తేలుడు గొట్టం దిగిపోయింది, 1150 దగ్గర ఆగింది. మా వాడికి చూపించాను. "అయిదుగురు నీరసంగా ఉన్నారు, ఒకడు మంచం పట్టాడు" అన్నాను. ఈ అంకెనే గ్రావిటీ అంటాం. దానికీ వోల్టేజీకీ ఒక చిన్న లెక్క ఉంది. గ్రావిటీకి 0.84 కలిపితే దాదాపుగా ఒక సెల్లు వోల్టేజీ వస్తుంది. 1.19కి కలిపితే 2.03, 1.15కి కలిపితే 1.99. అయిదు 2.03లు, ఒక 1.99 కూడితే 12.14. మీటరు చూపించింది అదే. కొత్త బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 నుంచి 12.8 మధ్య ఉండాలి. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. అంటే మా వాడి కొత్త బ్యాటరీలో సగం కూడా లేదు.

కారులో తప్పుందేమోనని అది కూడా చూశాను. ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ 14.2 ఇస్తోంది, లెక్కకు మించిన లీకేజీ కరెంటు ఎక్కడా లేదు. అప్పుడు బ్యాటరీ పైన కొట్టిన అంకెలు తుడిచి చదివాను. ఆ కోడు విప్పితే తయారైంది 2024 ఫిబ్రవరి. బిల్లు 2025 ఏప్రిల్. పద్నాలుగు నెలలు ఆ బ్యాటరీ ఏదో ఒక అరలో, బహుశా రేకుల కింద, ఒక నిండు ఎండాకాలం వేడి తింటూ కూర్చుంది.

అమ్మిన షాపుకు ఇద్దరం వెళ్లాం. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "వారంటీ బిల్లు తారీఖు నుంచి కదండీ, మీకేం నష్టం?" అన్నాడు. చాలామంది ఈ మాట విని సరేనని వచ్చేస్తారు. వారంటీ బిల్లు తారీఖు నుంచి మొదలవుతుంది, నిజమే. బ్యాటరీ ఆయుష్షు మాత్రం అందులో యాసిడ్ పోసిన రోజు నుంచి తరుగుతుంది. రెండుసార్లు ఛార్జింగ్ పెట్టి ఇచ్చారు. పెట్టిన సాయంత్రం 12.9 చూపించేది, మర్నాడు పొద్దునకు 12.3కి పడిపోయేది. మూడోసారి వెళ్తే "కస్టమర్ డిశ్చార్జ్ చేసుకున్నది వారంటీలోకి రాదండీ" అన్నారు. దుకాణంలో డిశ్చార్జ్ అయినదాన్ని కస్టమర్ నెత్తిన రుద్దారు. మా వాడు ఇక తిరగలేనన్నాడు. ఉద్యోగం మానుకుని ఎన్నిసార్లు తిరుగుతాడు?

అప్పుడే వాణ్ణి విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన షాపుకు తీసుకెళ్లాను. ఈ రాసేదంతా ఆ షాపు గురించే. పేరు రాయొద్దని ఓనరు అడిగాడు, మాట ఇచ్చాను. జవహర్ ఆటోనగర్‌లో టైర్ల షాపుల వరసలో, లేతు మిషన్ల మోత మధ్య ఉంటుంది. పట్టుమని పన్నెండడుగుల వెడల్పు ఉండదు. బోర్డు మీద రంగు కూడా సగం పోయింది.

ఈయన నాకు 2024 సెప్టెంబరులో పరిచయం. విజయవాడలో బుడమేరు వాగు వరదకు సింగ్ నగర్ వైపు వందల కార్లు, బళ్లు నీళ్లలో ఉండిపోయాయి. నీళ్లు తీశాక బ్యాటరీ షాపుల ముందు జనం. అలాంటప్పుడే ఎన్నేళ్లుగానో మూలన పడి ఉన్న సరుకు బయటికొస్తుంది, ఎవరూ తారీఖు అడగరు. మా పాత డ్రైవరు ఒకతని కోసం నేను ఈ షాపుకు వెళ్తే, అరలో ఒక బ్యాటరీ కనిపిస్తూనే ఉంది. "అది ఇవ్వను బాబాయ్, 12.3 ఉంది, ఛార్జింగ్ ఎక్కించాలి. ఎల్లుండి రండి" అన్నాడు. జనం అడిగినంత ఇచ్చి కొనుక్కునే రోజుల్లో ఆ మాట అన్న మనిషి మీద నాకు గురి కుదిరింది.

ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే బ్యాటరీ లోపల జరిగేది కాస్త చెప్పాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసిన దగ్గర నుంచీ దీని స్వభావం ఇదే. వాడినా తరుగుతుంది, వాడకపోయినా తరుగుతుంది. సీసం పలకలు, యాసిడ్ కలిసి ఒకే డబ్బాలో ఉన్నప్పుడు వైరు కలపకపోయినా లోపల నెమ్మదిగా పని జరిగిపోతూనే ఉంటుంది. రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేట్ అనే తెల్లటి పొర చేరుతుంది, యాసిడ్ పలచబడి నీళ్లవుతుంది. వెంటనే ఛార్జింగ్ పెడితే ఆ పొర కరిగి మళ్లీ యాసిడ్‌లో కలిసిపోతుంది. నెలల తరబడి అలాగే వదిలేస్తే అది గట్టిపడుతుంది. మా అప్రెంటిస్ పిల్లలకు పంచదార, పటికబెల్లం చూపించి చెప్పేవాణ్ణి. పంచదార నీళ్లలో వేస్తే ఇట్టే కరుగుతుంది. అదే పంచదార పాకం కదపకుండా వదిలేస్తే పలుకులు కడుతుంది, ఆ పలుకు కరగాలంటే ఎంతసేపు పడుతుందో మనకు తెలుసు. పలకల మీద పలుకు కట్టిన సల్ఫేట్ ఛార్జింగ్‌కు లొంగదు. అంత మేర పలక చచ్చిపోయినట్టే. మా వాడి ఆరో సెల్లుకు జరిగింది అదే అని నా నమ్మకం.

దీనికి వేడి తోడైతే చెప్పక్కర్లేదు. ప్రతి 10 డిగ్రీలకూ ఈ తరుగుదల రమారమి రెట్టింపవుతుందని లెక్క. 25 డిగ్రీల గదిలో నెలకు నూటికి 4 వంతులు పోయే బ్యాటరీ, 35 డిగ్రీల్లో 8 వంతులు పోగొట్టుకుంటుంది. అంటే ఆరు నెలల్లో సగం. మే నెలలో బెజవాడలో రేకుల షెడ్డు లోపల ఎంతుంటుందో ఇక్కడివాళ్లకు నేను చెప్పాలా? చలి దేశాల్లో రాసిన పుస్తకాల్లో ఆరు నెలలకోసారి ఛార్జింగ్ పెట్టండని ఉంటుంది. మన దగ్గర మూడు నెలలకోసారి పెట్టాల్సిందే. పలకల్లో యాంటిమొనీ అనే లోహం కలిపే పాత రకం ఇంకా తొందరగా తరుగుతుంది. కాల్షియం కలిపే ఇప్పటి రకాలు నెమ్మది. ఆ నెమ్మదిని చూసుకునే చాలామంది దుకాణదారులు అరలో పెట్టి మర్చిపోతున్నారు.

మా డిపోకు ఒకప్పుడు బస్సు బ్యాటరీలు డ్రై ఛార్జ్‌డ్‌గా వచ్చేవి. లోపల పలకలుంటాయి, యాసిడ్ ఉండదు, మూతలకు సీలు. యాసిడ్ జెర్రీ క్యాన్లలో విడిగా వచ్చేది. సీలు తీయనంత కాలం ఏడాది కాదు, అంతకు మించి ఉన్నా ఫరవాలేదు. కావలసినప్పుడు యాసిడ్ పోసి, అది పలకలకు ఇంకేదాకా ఆగి, ఛార్జింగ్ ఎక్కించి, రెండు బ్యాటరీలు జత చేసి 24 వోల్టుల బస్సుకు బిగించేవాళ్లం. యాసిడ్ పోసిన తారీఖు పెయింటుతో డబ్బా మీద రాయడం నా పనే. ఇప్పుడు కారు బ్యాటరీలు దాదాపు అన్నీ ఫ్యాక్టరీలోనే యాసిడ్ నింపి వస్తున్నాయి. కొనేవాడికి సుఖమే. కానీ లెక్క ఫ్యాక్టరీ గేటు దగ్గరే మొదలవుతుంది. అక్కడి నుంచి గోడౌను, డిస్ట్రిబ్యూటరు, షాపు, ఇన్ని మజిలీల్లో ఎవరు ఎప్పుడు ఛార్జింగ్ పెట్టారో అడిగే నాథుడు లేడు.

ఆటోనగర్ షాపులో అడిగితే జవాబు దొరుకుతుంది. కౌంటర్ మీద పొడుగాటి లెడ్జర్ పుస్తకం ఒకటి ఉంటుంది. ఒక్కో బ్యాటరీకి ఒక్కో వరస. సైజు, కోడు నంబరు, తయారైన నెల, షాపుకొచ్చిన తేదీ, ఆ తర్వాత నెలకో గడి. ప్రతి నెలా మొదటి ఆదివారం షాపు మూసుకుని, తనూ పనివాడూ కూర్చుని అన్ని బ్యాటరీల వోల్టేజీ కొలిచి ఆ గడుల్లో రాస్తారు. 12.5 కంటే తక్కువ వస్తే ఎర్ర పెన్నుతో రాసి, ఆ బ్యాటరీని అరలోంచి తీసి వెనక ఛార్జింగ్ బల్ల మీదికి పంపిస్తారు. నేను పేజీలు తిప్పి చూశాను. ఆగస్టు నుంచి ఫిబ్రవరి వరకూ ఎర్ర అంకెలు అక్కడక్కడ. ఏప్రిల్, మే గడుల్లో పేజీకి నాలుగైదు. ఎండ వేడి ఆ పుస్తకంలో కళ్లకు కనిపించింది.

ఛార్జింగ్ కూడా తొందరపడి చేయడు. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి మూడున్నర ఆంపియర్లు, అంటే పదో వంతు కరెంటు. రాత్రి పెడితే పొద్దునకు తీస్తాడు. తీయగానే కొలవడు. అప్పుడే ఛార్జింగ్ దిగిన బ్యాటరీ 13 పైన కూడా చూపిస్తుంది, అది పైపై ఛార్జ్. కనీసం అయిదారు గంటలు ఊరికే ఉంచి అప్పుడు కొలిచి రాస్తాడు. గుంటూరు షాపులో మా వాడికి సాయంత్రం 12.9 చూపించి పంపించడం వెనక ఉన్న కిటుకు ఇదే. మీకూ ఎవరైనా అలా మీటరు పెట్టి చూపిస్తే కారుకు బిగించాక రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి, ఆపి, కాసేపాగి మళ్లీ కొలవమనండి. పైపైది దిగిపోయి అసలుది బయటపడుతుంది.

మా వాడి కారుకు కావలసింది 38బి20ఎల్ అనే సైజు. ఈ నంబర్లు చూసి కంగారు పడక్కర్లేదు. 38 అనేది దాని శక్తికి ఇచ్చిన నంబరు, బి అనేది డబ్బా వెడల్పు, ఎత్తుల రకం, 20 అంటే పొడవు సెంటీమీటర్లలో, చివరి ఎల్ టెర్మినల్ ఏ పక్కన ఉందో చెబుతుంది. ఎల్ బదులు ఆర్ కొంటే కారులో కేబుల్ అందదు. ఆ సైజులో అరలో మూడున్నాయి. మూడూ దించి నా మీటరుతోనే కొలుచుకోమన్నాడు. 12.71, 12.68, 12.54 వచ్చాయి. పుస్తకంలో చూస్తే మూడోది మిగతా రెండిటికంటే నాలుగు నెలలు పాతది. మార్చి 2025లో తయారైన రెండిట్లో 12.68 ఉన్నదాన్ని మా వాడే ఎంచుకున్నాడు. తర్వాత ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి పరీక్షించే లోడ్ టెస్టరు పెట్టి 15 సెకన్లు లాగించాడు. ఎర్రగా కాలిన ఇనుము వాసన, ముల్లు గబుక్కున దిగి 10.4 దగ్గర నిలబడింది. 9.6 కంటే కిందికి దిగకపోతే పాసైనట్టు. "ఈ ముల్లు ఊగకుండా నిలబడింది చూడు, దాన్ని చూసి కొనుక్కోవాలి" అని మా వాడికి చెప్పాను.

ఆ నాలుగు నెలల పాతది ఏం చేస్తాడో అడిగాను. తొందరగా అమ్మాలి కాబట్టి ముందు వరసలో పెడతానన్నాడు. కొత్త సరుకు వస్తే వెనక వరసలోకి, పాతది ముందుకు. ఆ పద్ధతి అందరూ చెబుతారు. నాకు నచ్చింది దాని తర్వాత మాట. తొమ్మిది నెలలు దాటితే దాన్ని కొత్తదని అమ్మడు. మేం ఉండగానే కంకిపాడు వైపు రైతు ఒకాయన ట్రాక్టరు బ్యాటరీ కోసం వచ్చాడు. "ఇది పది నెలల సరుకండీ, రెండుసార్లు ఛార్జింగ్ పెట్టాను. పట్టుకెళ్తే 700 తగ్గిస్తాను. కొత్తదే కావాలంటే రేపు మధ్యాహ్నానికి తెప్పిస్తాను" అని చెప్పాడు. ఆ రైతు రేపు వస్తానని వెళ్లిపోయాడు. ఓనరు మొహంలో ఏ మార్పూ లేదు.

ఇంకో సంగతి. ఈయన అన్ని సైజులూ పెట్టుకోడు. ఎక్కువగా పోయే అయిదారు సైజులే అరలో ఉంటాయి. పెద్ద డీజిల్ బళ్లవి, సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తనే ఆగి మళ్లీ స్టార్టయ్యే స్టార్ట్ స్టాప్ కార్లకు వేసే ఏజీఎం రకం అడిగితే "రేపు రండి" అంటాడు. విసుగనిపిస్తుంది, కానీ సరైన పద్ధతి అదే. నెలకొకటి కూడా పోని సైజును అరలో పెట్టుకున్నవాడు పాత బ్యాటరీ అమ్మక తప్పదు. మీ కారు సైజు అరుదైనదైతే, అడగ్గానే అరలోంచి తీసి ఇచ్చే షాపులో రెండింతలు జాగ్రత్తగా తారీఖు చూడండి. పాత మోడల్ అంబాసిడర్లు, మారుతి వ్యాన్‌లు ఇష్టంగా ఉంచుకున్నవాళ్లు మరీ ముఖ్యంగా.

నీళ్లు పోయక్కర్లేని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీ మీద చిన్న గాజు కన్ను ఉంటుంది కదా, అందులో పచ్చరంగు కనిపిస్తే చాలని చాలామంది అనుకుంటారు. అది లోపల తేలే చిన్న బంతి. ఆరు సెల్లుల్లో ఒక్క సెల్లుకే ఉంటుంది. మా వాడి బ్యాటరీకి ఆ కన్ను ఉండి, అది మొదటి సెల్లులో ఉండి ఉంటే ఆరో సెల్లు సంగతి దానికి తెలిసే అవకాశమే లేదు. మీటరు 500 రూపాయల లోపే దొరుకుతుంది, కొనుక్కోండి.

షాపులో నాకు నచ్చనివి కూడా రాయాలి. ధర గుంటూరు షాపు కంటే 250 ఎక్కువ, బేరం ఆడనివ్వడు. కారు పెట్టుకోవడానికి చోటు లేదు, ఎదురుగా లారీ ఆగితే మన బండి బయటికి రావడానికి అరగంట. కూర్చోవడానికి ఒక్క స్టూలు. ఇంటికొచ్చి బిగించడాలు లేవు, నడిరోడ్డు మీద బండి ఆగిపోయినవాళ్లకు ఈ షాపు పనికిరాదు. ఆదివారం ఎంత అత్యవసరమైనా తెరవడు. మాట కూడా కటువే. మా వాడు కంపెనీ పేరు చెప్పి "అది బెస్టు కదండీ" అంటే, "అరలో ఏడాది పడుంటే ఏ కంపెనీదైనా ఒకటే బాబూ" అన్నాడు. మాట నిజమే, కాస్త నవ్వుతూ చెబితే బాగుండేది.

ఇవన్నీ సర్దుకోవచ్చు. ఒకటి మాత్రం సర్దుకోలేక గట్టిగానే చెప్పాను. ఛార్జింగ్ బల్ల ఉన్న వెనక గదికి కిటికీ లేదు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో పోగైతే ఒక్క నిప్పురవ్వ చాలు. పనివాడు అక్కడే అగరుబత్తి వెలిగించి దణ్ణం పెట్టుకుంటున్నాడు. మా డిపోలో క్లిప్పు తీస్తుంటే నిప్పు రేగి సెల్లు మూత పగిలి ఒక కుర్రాడి చెయ్యి కాలింది, నా కళ్ల ముందు. పై గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించు, దేవుడి పటం ముందు గదిలోకి మార్చు, కళ్లద్దాలు కొనివ్వు అని చెప్పాను. మొదట "ఇన్నేళ్లుగా ఏం కాలేదు బాబాయ్" అన్నాడు. చేతి సంగతి చెప్పాక మారు మాట్లాడలేదు.

ఇంకోదాని మీద మా ఇద్దరికీ చిన్న వాదన జరిగింది. బ్యాటరీలన్నీ చెక్క పలకల మీదే పెడతాడు. గచ్చు మీద పెడితే నేల కరెంటు లాగేస్తుందంటాడు. పాత రోజుల్లో గట్టి రబ్బరు డబ్బాలు, చెక్క పెట్టెలు ఉన్నప్పుడు యాసిడ్ చెమ్మ ఊరి నేలకు దారి దొరికేది, ఆ మాట అప్పటిది. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు గచ్చయినా చెక్కయినా తేడా లేదు. అయినా ఎండ పడే గోడకు, వేడి గచ్చుకు దూరంగా ఉంచడం మంచిదే కాబట్టి చెక్క పలకలు తీయమనలేదు.

కొన్నాక ఓనరు చేసిన రెండు పనులు నాకు బాగా నచ్చాయి. వారంటీ కార్డు మీద బ్యాటరీ నంబరు తనే రాసి, డబ్బా మీది నంబరుతో మా వాడిచేత సరిచూపించాడు. బిల్లు వెనక తయారైన నెల, ఆ రోజు వోల్టేజీ రాసి సంతకం పెట్టాడు. గుంటూరు బ్యాటరీని పాత బ్యాటరీ కింద తీసుకున్నాడు, దానికీ రసీదు ఇచ్చాడు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అది పాత బ్యాటరీలను సేకరించే లేదా రీసైకిల్ చేసే సంస్థలకే వెళ్లాలి. వీధిలో తుక్కు కొనేవాళ్లు వంద ఎక్కువిస్తారు, తర్వాత ఎక్కడో ఊరి చివర పగలగొట్టి యాసిడ్ కాలవలో పారబోసి సీసం కరిగిస్తారు. ఆ పొగ పీల్చేది పక్కనున్న ఇళ్ల పిల్లలు. వంద కోసం ఆ పని చేయొద్దు.

బిగించేటప్పుడు పది నంబరు స్పానర్‌తో మైనస్ క్లాంపు ముందు విప్పాడు, చివర బిగించాడు. అందరూ అలా చేయరు. ప్లస్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలినప్పుడు షార్ట్ అవుతుంది. క్లాంపుల మీద తెల్ల పొడి వేడినీళ్లతో కడిగి, తుడిచి, వ్యాసెలిన్ రాశాడు.

కొన్న బ్యాటరీ కారులో ఊరికే నిలబడ్డా ఇదే గతి పడుతుంది, ఇంకా తొందరగా. మా కానూరు అపార్ట్‌మెంట్‌లో ఒకాయన పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూ కారు సెల్లార్‌లో పెట్టి తాళాలు నాకిచ్చాడు. తాళం వేసిన కారు ఎంత లాగుతోందో కొలిచాను, 30 మిల్లీ ఆంపియర్లు. గడియారం, అలారం, కంప్యూటర్ అన్నీ కలిపి. చిన్నదే అనిపిస్తుంది. రోజుకు 0.72 ఆంపియర్ అవర్, నెలకు 21.6. ఆయన బ్యాటరీ 35. రెండు నెలలు కూడా నిలవదు. మైనస్ క్లాంపు విప్పి గుడ్డ చుట్టి పక్కన పెట్టాను. రెండు నెలలకోసారి నా చిన్న ఛార్జరు ఒక రాత్రి తగిలించేవాణ్ణి. ఆయన అయిదు నెలలకు తిరిగొచ్చి తాళం తిప్పగానే బండి స్టార్టయింది. ఆ సాయంత్రం భార్యాభర్తలిద్దరూ మా ఇంటికొచ్చి కూర్చుని వెళ్లారు.

నేనైతే కారు బ్యాటరీ మూడు నెలల లోపు తయారైనది కళ్లు మూసుకుని తీసుకుంటాను. ఆరు నెలల దాకా అయితే మీటరు పెట్టి, 12.5 పైన ఉంటేనే. అంతకు మించి పాతదైతే, నెల నెలా ఛార్జింగ్ పెట్టిన పుస్తకం చూపిస్తే తప్ప ఎంత తగ్గించినా వద్దంటాను. కోడు చదవడం ఒక్కో కంపెనీది ఒక్కో రకం, మనకు రాకపోవచ్చు. అమ్మేవాణ్ణి చదివి చెప్పమనండి, చెప్పింది బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. అక్కడ తడబడితే పక్క షాపుకు వెళ్లండి.

మొన్న దసరా తర్వాత మళ్లీ ఆ షాపుకు వెళ్లాను, మా తమ్ముడి కారు కోసం. వెనక గది గోడకు ఫ్యాన్ తిరుగుతోంది. దేవుడి పటం కౌంటర్ పైకొచ్చింది. పనివాడి నుదుటి మీద కళ్లద్దాలున్నాయి, కళ్ల మీదికి దించుకోమని మళ్లీ చెప్పి వచ్చాను. మా మేనల్లుడు ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే బానెట్ ఎత్తి మీటరు ఫొటో తీసి పంపిస్తున్నాడు. నవంబరు ఫొటోలో 12.64 ఉంది. అక్కకు రెండో కంటి ఆపరేషన్ డిసెంబరులో, ఈసారి వాళ్ల కారులోనే తీసుకొస్తానన్నాడు.